గ్లాస్గోలో నా గొంతు

కిందటి ఏడాది మే నెలలో, గ్లాస్గోలోని ఒక చిన్న థియేటర్లో, ఐర్లండులోని మా ఊరు డండాక్ వాళ్ళ నాటకం ఒకే ఒక్క ఆట ఆడింది. అందులో నాకు వేషం లేదు. నేను ప్రాంప్టర్‌ని. తెర పక్కన కుర్చీలో కూర్చుని, స్క్రిప్టు ఒళ్ళో పెట్టుకుని, నటులు మాట మర్చిపోతే మెల్లిగా అందించడం నా పని. ఈ ఒక్క ముక్క మా చుట్టాలకి ముందే చెప్పి ఉంటే తర్వాత జరిగిందేదీ జరిగేది కాదు.

నాటకాల్లోకి నేను వెళ్ళింది నాటకాల మీద ఇష్టంతో కూడా కాదు. ఒక కంపెనీకి జీతాల లెక్కలు చూసే ఉద్యోగం నాది. ఇంట్లోంచే చేస్తాను. అమ్మాయి డబ్లిన్‌లో హాస్టల్‌కి వెళ్ళిపోయాక, మా ఆయన ఆఫీసు నుంచి వచ్చేదాకా ఇంట్లో నా గొంతు నాకే వినపడేది కాదు. నిద్ర పట్టడం లేదని మా డాక్టరు దగ్గరికి వెళితే, ఆవిడ మందు రాయకుండా, "వారానికి ఒక్క సాయంత్రమైనా మనుషుల్లోకి వెళ్ళు" అంది. ఆ వారమే లైబ్రరీ నోటీసు బోర్డు మీద కాగితం చూశాను. ఊళ్ళో నాటక బృందానికి తెర వెనక పనిచేసే మనుషులు కావాలట, అనుభవం అక్కర్లేదట.

బృందం నడిపేది ఒక రిటైర్డ్ టీచరు. డైరెక్షన్ కూడా ఆవిడదే. మొదటిరోజే నా చేతికి స్క్రిప్టు ఇచ్చి ప్రాంప్టర్‌గా కూర్చోబెట్టింది.

"ఒక్కటే గుర్తు పెట్టుకో. నటుడు ఆగాడంటే మర్చిపోయాడని కాదు. కళ్ళు చూడు. కళ్ళు నీకోసం వెతుకుతుంటే అందించు. వెతకకపోతే నోరు మూసుకో" అంది.

నాటకం రాసింది బృందంలోనే ఒకాయన. ఉత్తర ఐర్లండు సరిహద్దు దగ్గర ఒక రైతు ఇల్లు. పెళ్ళి చేసుకోకుండా కలిసి ముసలివాళ్ళయిన అన్నాచెల్లెళ్ళు. ఒకరోజు చెల్లెలు, తను పెళ్ళి చేసుకుని వెళ్ళిపోతున్నానని చెబుతుంది. అన్న చాలాసేపు ఏమీ అనడు. కిటికీ వైపు చూస్తాడు. ఆ తర్వాత అనే మాట ఒక్కటే: "మరి కోళ్ళకి మేత ఎవరు వేస్తారు?" అంతే. వెళ్ళొద్దనీ అనడు, సంతోషమనీ అనడు. నాటకమంతా ఆ మౌనం మీద, ఆ ఒక్క మాట మీద నిలబడి ఉంటుంది.

అన్న వేషం వేసేది ఒక పెద్దాయన. పోస్ట్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. డెబ్భై దాటాయి. ఇక్కడ ఎంత పెద్దవాళ్ళనైనా పేరు పెట్టే పిలుస్తారు. నాకు నోరు రాక "సర్" అనేదాన్ని.

"సర్ అనకు తల్లీ, పోలీసులు ఆపి లైసెన్సు అడిగినట్టుంటుంది" అనేవాడు.

శీతాకాలమంతా రిహార్సల్స్ బాగానే నడిచాయి. వసంతం వచ్చేసరికి పెద్దాయన అక్కడక్కడ తడబడడం మొదలైంది. ఆగిపోయేవాడు, కళ్ళు నా వైపు తిరిగేవి, నేను గుసగుసగా అందించేదాన్ని, ఆయన అందుకుని ముందుకు పోయేవాడు. ఎవరూ గమనించేవారు కాదు. ఆ గుట్టు మా ఇద్దరి మధ్యే ఉండేది. మొదట్లో జాలి పడ్డాను. తర్వాత తర్వాత లోపల ఏదో గర్వం మొదలైంది.

"నేను లేకపోతే ఆయన నాటకం నడవదండీ" అన్నాను ఒకరోజు మా ఆయనతో, చపాతీలు వత్తుతూ.

"అయితే పోస్టర్ మీద నీ బొమ్మ కూడా వేయించమను" అన్నాడాయన నవ్వుతూ. నేను నవ్వలేదు.

అప్పుడే గ్లాస్గో నుంచి పిలుపు వచ్చింది. అంతకు ముందు ఏడాది మా ఊరొచ్చి నాటకం వేసి వెళ్ళిన అక్కడి బృందం, ఈసారి మమ్మల్ని రమ్మంది. కొన్నాళ్ళకి వాళ్ళ ఊరి థియేటర్లలో ఏ వారం ఏమేం ఆడుతున్నాయో వేసే వెబ్ పేజీలో మా నాటకం కూడా కనిపించింది. పైన ఏదో డాన్స్ ప్రదర్శన, కింద పిల్లల బొమ్మలాట, రెంటి మధ్యా మా నాటకం పేరు, "ఐర్లండు నుంచి అతిథులు" అని ఒక లైను. నా పేరెక్కడా లేదు. ఉండదని తెలిసి కూడా రెండుసార్లు వెతికాను.

ఆ పేజీ ఫోటో తీసి మా కుటుంబం వాట్సాప్ గ్రూపులో పెట్టాను. "మా నాటకం గ్లాస్గోలో!" అని రాశాను. అంతవరకు అబద్ధమేమీ లేదు.

గ్లాస్గోలో మా ఆడపడుచు ఉంటుంది. మా ఆయన బాబాయిగారి అమ్మాయి. అక్కడే ఐటీలో ఉద్యోగం, భర్త, ఒక పాప. నిమిషంలో జవాబు పెట్టింది.

"వదినా! నువ్వు యాక్టింగా?!"

నేను రెండు చేతులు జోడించిన బొమ్మ పెట్టాను. పక్కన ఒక నవ్వు మొహం.

గ్రూపంతా చప్పట్లు మొదలుపెట్టింది. విజయవాడ నుంచి ఒకరు, హైదరాబాదు నుంచి ఒకరు. అందరికీ అవే జోడించిన చేతులు పెట్టుకుంటూ పోయాను. తర్వాత ఆడపడుచు ఫోన్ చేసి, "వేషమేంటి వదినా? హీరోయినా?" అంది.

"వచ్చి చూడు" అన్నాను.

"వస్తాం. మా ఫ్రెండ్స్ ఫ్యామిలీస్‌ని కూడా తీసుకొస్తా. ఇక్కడ తెలుగువాళ్ళెవరూ స్టేజీ మీద కనపడింది లేదు. నువ్వే ఫస్టు."

ఫోన్ పెట్టేశాక మా ఆయన నా మొహం చూసి, "చెప్పెయ్యొచ్చుగా" అన్నాడు.

"చెప్తాలెండి."

చెప్పలేదు. రోజూ చెబుదామనుకుంటూనే ఉన్నాను. వెళ్ళేరోజు కూడా, లార్న్ రేవులో స్కాట్లాండు వెళ్ళే ఓడ ఎక్కాక, సిగ్నల్ పోయేదాకా ఫోన్ చేతిలోనే పట్టుకు కూర్చున్నాను. మా ఆయన నాతో రాలేదు. ఐరిష్ పాస్‌పోర్టు నాకు ముందొచ్చింది, ఆయనది ఇంకా రాలేదు, ఇండియా పాస్‌పోర్టు మీద వీసా లేకుండా స్కాట్లాండు రానివ్వరు. ఆయన పక్కనుంటే బలవంతంగానైనా నాచేత చెప్పించేవాడేమో.

మర్నాడు శనివారం, మధ్యాహ్నం ఆట. పొద్దున ఒకసారి నాటకమంతా గబగబా చెప్పుకుంటే పెద్దాయన రెండు చోట్ల ఆగాడు. అందించాను. "మంచి పని చేశావు" అన్నట్టు నా భుజం తట్టి టీ తాగడానికి వెళ్ళాడు.

ఆట మొదలయ్యే ముందు తెర సందులోంచి చూశాను. గ్లాస్గో వాళ్ళ కోట్ల మధ్య, మూడో వరసలో, పట్టుచీరలు. మా ఆడపడుచుది మామిడిపండు రంగు. నాలుగు కుటుంబాలు వచ్చాయి. మగవాళ్ళు ఇస్త్రీ చొక్కాల్లో, పిల్లలు తలలు దువ్వించుకుని. ఏదో పెళ్ళికొచ్చినట్టు వచ్చారు. సందు మూసేసి వచ్చి కూర్చున్నాను.

నా కుర్చీలోంచి వాళ్ళ వరస కొంచెం కనపడేది. స్టేజీ మీద తలుపు తెరుచుకున్నప్పుడల్లా వాళ్ళందరూ ఒక్కసారి ముందుకు వంగేవారు. చెల్లెలి వేషం వేసిన ఆవిడ వచ్చింది. ఆవిడ మా ఊరి ఆసుపత్రిలో నర్సు. మళ్ళీ వెనక్కి వాలారు. పక్కింటివాడు వచ్చాడు. మళ్ళీ వంగి, మళ్ళీ వాలారు. నేను వస్తానని చూస్తున్నారు. స్క్రిప్టులో నా వేలు ఏ లైను మీదుందో రెండుసార్లు తప్పిపోయాను.

ఆ ఘట్టం వచ్చింది. చెల్లెలు చెప్పేసింది, వెళ్ళిపోతున్నానని. పెద్దాయన కిటికీ వైపు తిరిగాడు. హాల్లో దగ్గు కూడా లేదు. ఆయన ఆగాడు. రిహార్సల్లో ఎప్పుడూ ఆగే చోటు దాటిపోయింది. ఇంకా ఆగాడు. ఆయన కళ్ళు నాకు కనపడడం లేదు, మొహం అటు తిప్పి ఉంది. నా కోసం వెతకడం లేదు. పొద్దున తడబడ్డ మనిషి గుర్తొచ్చాడు. మూడో వరస కూడా గుర్తొచ్చింది.

"మరి కోళ్ళకి మేత ఎవరు వేస్తారు?"

ఆ మాట అన్నది నేను. గుసగుస కాదు. నా గుంటూరు ఇంగ్లీషులో, నా సొంత గొంతుతో, హాలు చివరి దాకా వినపడేలా అన్నాను.

ముందు ఒకరెవరో కిసుక్కున నవ్వారు. తర్వాత హాలంతా నవ్వింది. ఆ నవ్వుల మధ్య మూడో వరసలోంచి మా ఆడపడుచు కూతురి గొంతు, స్కాటిష్ యాసలో, ఖంగున వినపడింది: "మమ్, దట్స్ అత్తా!"

పెద్దాయన నవ్వు ఆగేదాకా కదల్లేదు. తర్వాత తన మాట తను అన్నాడు. ఎప్పటిలాగే, నెమ్మదిగా. కాని వాళ్ళు మళ్ళీ నవ్వారు. రెండోసారి విన్న మాట కదా. ఏడవాల్సిన చోట నవ్వారు. మిగిలిన నాటకం ఎలా అయిందో నాకు తెలీదు. పేజీలు తిప్పాను, అంతే.

చప్పట్లు మొదలవగానే స్క్రిప్టు కుర్చీలో పెట్టేసి వెనక తలుపులోంచి సందులోకి వెళ్ళిపోయాను. ముందు హాల్లో మా వాళ్ళు నిలబడి ఉంటారు. వాళ్ళకి మొహం చూపించలేను. లోపల మా బృందం ఉంటుంది. వాళ్ళకి అసలే చూపించలేను. ఎటు వెళుతున్నానో చూసుకోకుండా నడిచి, ఒక పార్కు దొరికితే అందులో బెంచీ మీద కూర్చున్నాను. ఎండ బాగా కాస్తోంది. జనం గడ్డి మీద చొక్కాలు విప్పుకుని పడుకున్నారు. ఫోన్ మోగుతూనే ఉంది, ఆడపడుచు పేరు వెలుగుతూ, ఆరిపోతూ. సౌండు తీసేసి బ్యాగులో పడేశాను. మా వాళ్ళు విసిగి ఇళ్ళకి వెళ్ళిపోయాక వెనక్కి వెళదాం, ఎవరికీ కనపడకుండా వ్యానెక్కి కూర్చుందాం అనుకున్నాను. ఆ సాయంత్రం మేము ఓడ ఎక్కాలన్నది తెలియక కాదు. సామాన్లు సర్దడానికి చాలాసేపు పడుతుందిలే అని నాకు నేనే చెప్పుకున్నాను.

తిరిగి వెళ్ళేసరికి సందులో మా వ్యాను సామాన్లతో సిద్ధంగా ఉంది. దాని చుట్టూ మా బృందమంతా నిలబడి గారెలు తింటున్నారు. పెద్ద స్టీలు డబ్బా వ్యాను మెట్టు మీద ఉంది. పక్కన పులిహోర.

డైరెక్టర్ నన్ను చూసి గట్టిగా ఊపిరి వదిలింది.

"ఎక్కడికి పోయావు? గార్డులకి ఫోన్ చేద్దామా అనుకున్నాం! మన గార్డుల్ని ఇక్కడ పోలీసులంటారు కాబోలు."

"సారీ" అన్నాను.

"మీవాళ్ళు ఇప్పటిదాకా ఇక్కడే ఉన్నారు. పాపం, ఎంత మంచివాళ్ళు! నటులు ఆకలితో ఉంటారని అందరికీ వండి తెచ్చారు" అని, కొంచెం ఆగి, గొంతు తగ్గించి, "నువ్వు హీరోయిన్‌వనుకుని వచ్చారట" అంది.

అందరూ గారెల వైపు చూస్తున్నారు. నా వైపు ఎవరూ చూడలేదు. వాళ్ళలో ఎవరైనా నవ్వి ఉంటే బాగుండేది.

"మీరేం చెప్పారు?"

"థియేటర్లో అన్నిటికంటే ముఖ్యమైన పని నీదే అని చెప్పాను. ఇంకేం చెప్పను?"

అప్పటికే నాకోసం ఆగి ఆలస్యమైంది, పైగా దారిలో రోడ్డు పనులు. రేవుకి చేరేసరికి మా ఓడ వెళ్ళిపోయింది. తర్వాతిది రావడానికి కొన్ని గంటలు పడుతుందన్నారు. నర్సుకి ఆదివారం పొద్దున్నే డ్యూటీ. ఆవిడ ఎవరికో ఫోన్ చేసి, డ్యూటీ మార్చడం కుదరదని తెలుసుకుని, కోటు కప్పుకుని వెయిటింగ్ హాల్లో బల్ల మీద వాలింది. "సారీ" అని దగ్గరికి వెళితే, "యూ ఆర్ గ్రాండ్" అంది కళ్ళు తెరవకుండా. బాగుందనడానికీ, పరవాలేదనడానికీ, ఐర్లండులో ఆ మాట దేనికైనా అంటారు. ఆ రోజు దాని అర్థం, ఇంక చాలు, నన్ను వదిలెయ్ అని.

పెద్దాయన కిటికీ దగ్గర ఒక్కడే కూర్చుని ఉన్నాడు. బయట ఇంకా వెలుతురుంది, నీళ్ళు తళతళలాడుతున్నాయి. వెళ్ళి పక్కన కూర్చున్నాను.

"మీరు మర్చిపోయారనుకున్నాను" అన్నాను.

ఆయన వెంటనే మాట్లాడలేదు. ఈసారి నేను కూడా ఆగాను.

"మర్చిపోలేదు. ఇన్నేళ్ళ నాటకాల్లో ఒక మౌనం నాకు అంత బాగా దొరకడం ఇదే మొదటిసారి. హాలంతా నా చేతిలో ఉంది. నీకు తెలియలేదా?"

"తెలిసింది."

"మరి?"

ఆ ప్రశ్నకి జవాబు నా దగ్గరుంది. ఆయన కళ్ళు నాకోసం వెతకలేదు. ఆ సంగతి నాకు బాగా తెలుసు. భయపడ్డాననేది నిజమే, కాని భయం గుసగుసగా బయటికొస్తుంది. మూడో వరసలో వాళ్ళు ముందుకు వంగి, వెనక్కి వాలి, నన్ను వెతుక్కుంటున్నారు. ఒక్కసారి వినపడాలనుకున్నాను. అంత చిన్న కోరిక. దానికి ఆయన నాటకాన్ని అడ్డం పెట్టుకున్నాను.

అదంతా ఆయనతో అన్నాను. తడుముకుంటూ, వచ్చిన ఇంగ్లీషులో. విన్నాడు. కాదనలేదు, పరవాలేదనలేదు.

"నిజంగా మర్చిపోయిన రోజున నువ్వు నన్ను కాపాడావు. ఆ కృతజ్ఞత నాకుంది. ఇది మాత్రం మళ్ళీ రాదు" అన్నాడు. ఆ తర్వాత టోపీ కళ్ళ మీదికి లాక్కుని పడుకున్నాడు. నిద్రపోయాడో లేదో తెలీదు.

ఓడలో సిగ్నల్ పోకముందు ఫోన్ తీశాను. ఆడపడుచు వాయిస్ మెసేజ్ పెట్టింది. తిడుతుందనుకుని చెవి దగ్గర చాలా చిన్నగా పెట్టుకున్నాను.

"వదినా, నువ్వు యాక్ట్ చెయ్యట్లేదంటే మేం రామా? నువ్వు మా ఊరొస్తున్నావంటే రామా? నీకోసం అంతసేపు నిలబడ్డాం, ఒక్కసారి కనపడి పోతే ఏమైంది? పాప అత్త ఏది, అత్త ఏది అని ఒకటే గోల. గారెలు మీవాళ్ళకి ఇచ్చాం. నువ్వు తిన్నావో లేదో."

ఆ ఆఖరి మాట మళ్ళీ పెట్టుకుని విన్నాను.

ఇంటికొచ్చాక ఆమెకి ఫోన్ చెయ్యడానికి నాకు వారం పట్టింది. కుటుంబం గ్రూపులో మాత్రం ఆ మర్నాడే రాశాను. నాకు వేషం లేదని, ప్రాంప్టర్‌నని, అది కూడా సరిగ్గా చెయ్యలేదని. సాయంత్రానికి విజయవాడ నుంచి ఒక్క బొటనవేలు బొమ్మ వచ్చింది. అంతకు ముందు వాళ్ళందరూ కొట్టిన చప్పట్లు పైకి జరిపి చూస్తే ఇంకా అక్కడే ఉన్నాయి.

బృందంలో నన్నెవరూ పొమ్మనలేదు. సెప్టెంబరులో డైరెక్టరే ఫోన్ చేసి కొత్త నాటకానికి రమ్మంది. వెళ్ళాను. ఈసారి స్క్రిప్టు వేరే ఆవిడకి ఇచ్చి, నన్ను హాలు గుమ్మం దగ్గర టికెట్లు చూడమంది. పెద్దాయన రాలేదు. ఇల్లు అద్దెకిచ్చి, దూరంగా స్లైగో ఊళ్ళో ఉన్న కూతురి దగ్గరికి వెళ్ళిపోయాడని చెప్పారు. ఆ నాటకం మా వాళ్ళు మళ్ళీ వెయ్యలేదు. ఆ వేషం ఆయన తప్ప ఇంకెవరూ వెయ్యలేరట. నేను ప్రోగ్రాం కాగితాలు మడతపెడుతూ విన్నాను.

డిసెంబరు సెలవులకి మా ఆడపడుచు పాపని తీసుకుని డండాక్ వచ్చింది. మొదటి రెండు రోజులూ మా ఆయనతోనే ఎక్కువ మాట్లాడింది. నాతో "వదినా, ఉప్పెక్కడ", "వదినా, టవలేది" వరకే. మూడో రోజు నేను గిన్నెలు కడుగుతుంటే పక్కన నిలబడి తుడుస్తూ, ఉన్నట్టుండి అడిగింది.

"ఇంతకీ చివరికి ఆవిడ పెళ్ళి చేసుకుందా? మేం నిన్ను వెతుక్కోడంతోనే సరిపోయింది, నాటకం సరిగ్గా చూళ్ళేదు."

చెప్పాను. చెల్లెలు వెళ్ళిపోవడం, అన్న ఒక్కడూ ఇంట్లో ఉండడం, మొదటి నుంచి చివరిదాకా చెప్పాను. కుళాయి కట్టేసి, తడి చేతులతోనే. ఆమె ఒక గిన్నెనే తుడుస్తూ విన్నది.

"ఆ ముసలాయన బాగా చేశాడు. మా ఆయన కూడా అన్నాడు. ఇప్పుడెక్కడున్నాడు?"

"స్లైగోలో. కూతురి దగ్గర."

"తర్వాత మాట్లాడావా?"

"లేదు."

"నాతో మాట్లాడ్డానికి వారం పట్టింది నీకు. ఆయనకి ఎన్నాళ్ళు పడుతుంది?" అంది. కోపంగా కాదు. గిన్నె అలమరలో పెట్టి తలుపు వేసింది.

మర్నాడు డైరెక్టర్ దగ్గర నంబరు తీసుకుని స్లైగోకి ఫోన్ చేశాను. ఆయన కూతురు ఎత్తింది. నేనెవరో చెప్పాను. నాన్న బయట నడవడానికి వెళ్ళాడని, రాగానే చెబుతానని అంది. గొంతులో తేడా ఏమీ లేదు. నా సంగతి ఆవిడకి చెప్పాడో లేదో తెలియలేదు. నా నంబరు రెండుసార్లు చెప్పి రాయించాను.

ఆయన ఇంతవరకు తిరిగి చెయ్యలేదు. మళ్ళీ చెయ్యమని మా ఆయన అంటాడు. చెయ్యాలనే ఉంటుంది. ఒకసారి ఆయన కంటే ముందే మాట అనేశాను కదా, ఈసారి ఆయన మాట్లాడేదాకా ఆగాలి అనిపిస్తుంది.